ఏ తక్కెడలో తూచాలి?

హార్డ్‌వేర్ షాపుల్లో హోమ్ డిపో మేలా, లోస్ మేలా అన్నది అమెరికాలో సొంత ఇల్లున్నవాళ్లు తెగకుండా వాదించుకునే విషయాల్లో ఒకటి. డాలస్ శివారు ఫ్రిస్కోలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లూ ఈ వాదంలో ఏదో ఒక పక్షాన ఉంటారు. ఒకరు ధర సంగతి ఎత్తుతారు, ఇంకొకరు సిబ్బంది మర్యాద గురించి చెబుతారు, మూడోవారు పార్కింగ్ నుంచి పెయింట్ కౌంటర్ దాకా ఎంత దూరం నడవాలో లెక్కగడతారు. ఎవరి మాటా అబద్ధం కాదు, అయినా ఎవరూ ఎదుటివారి మాట ఒప్పుకోరు. ధరలన్నీ ఫోన్‌లోనే కనిపిస్తున్న రోజుల్లో కూడా వాదం తేలడం లేదంటే లోపం సమాచారంలో లేదనుకోవాలి. రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి ఇది దానికంటే మేలని చెప్పడానికి ఆధారమేమిటి, అలాంటి ఆధారం అసలు ఉంటుందా అన్నది ఈ తగువు వెనకున్న ప్రశ్న. తత్వవేత్తలు దీన్ని న్యాయం, సుఖం, ధర్మం లాంటి పెద్ద విషయాల దగ్గర అడిగారు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే అది ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడ కొలవదగ్గవీ, కొలతకు లొంగనివీ ఒకే బిల్లులో కలిసి వస్తాయి.

ముందు షాపుల సంగతి. రెండింటిలో లోస్ పాతది. 1921లో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని నార్త్ విల్క్స్‌బరో అనే చిన్న ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టుగా మొదలైంది. హోమ్ డిపోను 1978లో బెర్నీ మార్కస్, ఆర్థర్ బ్లాంక్ స్థాపించారు. హ్యాండీ డాన్ అనే సంస్థ తమను ఉద్యోగాల్లోంచి తీసేశాక వాళ్లు ఈ పనికి పూనుకున్నారు. 1979లో అట్లాంటాలో తొలి షాపులు తెరిచారు. గోదాములాంటి షెడ్డు, కప్పుదాకా పేర్చిన ర్యాకులు, కొనేవాడే బండి తోసుకుంటూ సరుకు ఎత్తుకోవడం, ఇదీ వాళ్ల పద్ధతి. 1980ల చివరినుంచి లోస్ కూడా ఆ దారిలోకే మళ్లింది. ఇప్పుడు రెండింటి షాపులూ సగటున లక్ష చదరపు అడుగులకు పైమాటే. ఒక్కో హోమ్ డిపోలో 30,000 నుంచి 40,000 రకాల సరుకు ఉంటుంది. ఆ సంస్థ అమ్మకాల్లో దాదాపు సగం కాంట్రాక్టర్ల నుంచి వస్తుంది. లోస్‌లో కాంట్రాక్టర్ల వాటా అంతకంటే తక్కువ, తమ ఇంటికోసం తామే కొనుక్కునేవాళ్ల వాటా ఎక్కువ. మెనార్డ్స్ అనే మూడో సంస్థకూ వీరాభిమానులున్నారు. అయితే దాని వ్యాపారం ప్రధానంగా మధ్య పశ్చిమ రాష్ట్రాలకే పరిమితం కాబట్టి దేశమంతటా వినిపించే వాదం ఈ రెండింటి మధ్యే.

పోలిక నికరంగా కుదిరే చోటు ఒకటి ఈ షాపుల్లోనే ఉంది. గోడలోపలి చట్రానికి వాడే సాదా కర్రను అక్కడ టూ బై ఫోర్ అంటారు. పేరుకు రెండంగుళాలు, నాలుగంగుళాలే గానీ ఆరబెట్టి నునుపు చేశాక అది ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే ఉంటుంది. హోమ్ డిపోలోనైనా లోస్‌లోనైనా కొలత అదే, ఎందుకంటే దేశమంతటికీ ప్రమాణం ఒకటే. అనుభవమున్న వడ్రంగి కట్టలోంచి ఒక కర్ర తీసి, ఒక కొన నేలమీద ఆన్చి, రెండో కొన కంటిదాకా ఎత్తి, అంచు వెంబడి ఒంటికన్నుతో చూస్తాడు. విల్లులా వంగిందా, పక్కకు వాలిందా, మెలితిరిగిందా అన్నది ఆ ఒక్క చూపులో తెలిసిపోతుంది. నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి తీస్తాడు. అలా పదో పన్నెండో తిరగేస్తే నాలుగు మంచివి దొరుకుతాయి. ఈ రెండు కర్రల్లో ఏది తిన్నగా ఉందని అడిగితే జవాబు ఉంది, ఇద్దరు వడ్రంగులు చూసినా అదే చెబుతారు. అక్కడ పోల్చే గుణం ఒక్కటే, ఆ గుణానికి ఆదర్శమూ ఒక్కటే, సరళరేఖ. ఏ షాపు బాగుందన్న ప్రశ్న కూడా వినడానికి ఇలాంటిదే అనిపిస్తుంది. కానీ బాగుండడానికి సరళరేఖలాంటిది ఏదో ఎవరూ చూపించలేదు.

భారతీయ తర్కంలో పోలికకు ఒక గౌరవస్థానం ఉంది. న్యాయదర్శనం ఒప్పుకున్న నాలుగు ప్రమాణాల్లో, అంటే జ్ఞానమార్గాల్లో, ఉపమానం ఒకటి. అడవి తెలిసినవాడు గవయం ఆవులాంటిదని చెబితే, ఊళ్లోవాడు అడవికెళ్లి ఆవును పోలిన మృగాన్ని చూసి ఇదే గవయమని గుర్తుపడతాడు. హైదరాబాదు నుంచి కొత్తగా వెళ్లినవారికి హోమ్ డిపోను పరిచయం చేసేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. రాణిగంజ్ కొట్లన్నీ ఒకే కప్పుకింద పెట్టి, కౌంటర్ వెనక కూర్చునే సేఠ్‌ను తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందంటారు. విన్నవారు వెళ్లగానే గుర్తుపడతారు. అయితే నైయాయికుల ఉపమానం చేసే పని అంతవరకే. ఒక వస్తువు ఏమిటో అది చెబుతుంది, రెండిట్లో ఏది మేలో చెప్పదు. గవయం ఆవుకంటే గొప్పదా అని ఏ నైయాయికుడూ వాదించలేదు.

బౌద్ధ తార్కికులు ఇంకా కఠినంగా ఉంటారు. దిఙ్నాగుడి సంప్రదాయంలో ప్రత్యక్షానికి అందేది స్వలక్షణం మాత్రమే, అంటే ఆ క్షణంలో ఉన్న ఆ ఒక్కటే, మరొకదానితో పంచుకునే గుణమేదీ లేనిది. ఇది అలాంటిది, దీనికంటే అది మేలు అనే మాటలన్నీ ఆ తర్వాత బుద్ధి కట్టిన కల్పనలు. ఆ లెక్కన శనివారం ఉదయం లోస్‌లో జరిగినదీ ఆదివారం సాయంత్రం హోమ్ డిపోలో జరిగినదీ పోల్చదగ్గవి కానే కావు. పోల్చేవాడు పోలుస్తున్నది అనుభవాలను కాదు, వాటిమీద తాను రాసుకున్న చీటీలను. నాగార్జునుడు వేరే వైపునుంచి దాదాపు ఇక్కడికే వస్తాడు. ఒక శాతవాహన రాజును ఉద్దేశించి రాసినదని సంప్రదాయం చెప్పే రత్నావళిలో, పొడుగు ఉంటేనే పొట్టి ఉంటుందన్న వాదన కనిపిస్తుంది. కృష్ణాతీరంలోని కొండకు పేరిచ్చిన ఆ ఆచార్యుడి మాట ప్రకారం మేలు, కీడు వస్తువుల్లో నిలిచి ఉండే గుణాలు కావు, ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టినప్పుడు పుట్టేవి. ఊళ్లో ఒక్క లోస్ మాత్రమే ఉన్నచోట దాని సిబ్బంది నెమ్మదితనం ఎవరికీ కనపడదు. రోడ్డుకవతల హోమ్ డిపో తెరిచిన వారానికి కనపడుతుంది.

ఈ వాదనలు గట్టివే. కానీ వాటిని పూర్తిగా నమ్మి బతకడం కష్టం. రెండు గంటలు తిరిగి ఖాళీ చేతులతో బయటపడ్డవాడితో నీ అనుభవం పోలికకు అందనిదని చెబితే వింటాడా అన్నది అనుమానమే. ఆధునిక వ్యాపారం అయితే ఈ అనుమానాల జోలికే పోలేదు. అనుభవాన్ని నేరుగా అంకెలోకి దించింది.

అంకెలోకి దించే ఆలోచనకు తాత్విక మూలపురుషుడు జెరమీ బెంథామ్. సుఖాన్ని దాని తీవ్రత, అది నిలిచే కాలం, దాని నిశ్చితత్వం వగైరా ఏడు కోణాల్లో కొలిచి కూడవచ్చని 1789లో అచ్చైన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆ కల నెరవేరిన రూపాల్లో ఒకటి, 1994లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మొదలైన అమెరికన్ కస్టమర్ సంతృప్తి సూచీ. అది ఒక్కో సంస్థకు సున్నా నుంచి వంద దాకా మార్కులు వేస్తుంది. ఆ మార్కుకు మూలం మూడు ప్రశ్నలు: మొత్తంమీద ఎంత తృప్తిగా ఉన్నారు, ఆశించినదానితో పోలిస్తే ఎలా ఉంది, మీ ఊహలోని ఆదర్శ షాపుకు ఎంత దగ్గరగా ఉంది. ఈ మూడింటిలో రెండు ప్రశ్నలు షాపును షాపుతో పోల్చడం లేదు, కొనేవాడి మనసులో ఉన్నదానితో పోలుస్తున్నాయి. ఏమీ ఆశించకుండా వచ్చినవాడు సాధారణ సేవకే మంచి మార్కులు వేస్తాడు. అన్నీ తెలిసిన మనిషి ప్రతి వరసలో నిలబడి ఉంటాడని నమ్మి వచ్చినవాడు అదే సేవకు ముఖం చిట్లిస్తాడు. రెండు షాపులకు 75, 78 మార్కులు పడ్డాయనుకుంటే, వాటి మధ్య తేడాలో షాపుల పాలు ఎంతో, ఆశల పాలు ఎంతో విడదీయడం మామూలు పాఠకుడి వల్ల కాదు. కర్ర సంగతిలో సరళరేఖ అందరికీ ఒకటే, ఇక్కడ ఎవరి రేఖ వారిది.

జ్ఞాపకం దీన్ని మరింత చిక్కు చేస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనదే. జనాలను ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి ఉంచమన్నారు. మరోసారి అదే 60 సెకన్లు ఉంచాక ఇంకో 30 సెకన్లు ఉంచమని, ఆ సమయంలో నీటిని మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. రెండోదాంట్లో బాధ మొత్తం ఎక్కువే. అయినా మళ్లీ ఒకటి చేయాల్సి వస్తే ఏది చేస్తారని అడిగితే మూడింట రెండొంతులకు పైగా రెండోదే కోరుకున్నారు. ముగింపు కాస్త మెరుగ్గా ఉండడం చాలింది. ఇంత పెద్ద షాపులో గంటసేపు వెతుకులాట ఎంత బాగా సాగినా, సెల్ఫ్ చెకౌట్ యంత్రం మొరాయించి మనిషికోసం పది నిమిషాలు నిలబడాల్సి వస్తే ఇంటికి వెంటవచ్చేది ఆ పది నిమిషాలే. అనుభవాలను పోల్చుతున్నామనుకునేవాళ్లు ఎక్కువగా వాటి చివరి అంకాలనే పోల్చుతుంటారు.

మరి పోలిక అంతా భ్రమేనా? ఇక్కడ అరిస్టాటిల్ ఇచ్చిన జవాబు అన్నిటికంటే పనికొచ్చేది. నికొమాకియన్ ఎథిక్స్ ఐదో భాగంలో ఆయన ఇల్లు, చెప్పులు, మంచాలు వంటి వాటి మారకం గురించి మాట్లాడతాడు. ఐదు మంచాలు ఒక ఇంటికి సమానమవుతాయంటే ఆ సమానత ఎక్కడిది? ఇంత వేర్వేరు వస్తువులకు ఉమ్మడి కొలత నిజానికి ఉండదని ఒప్పుకుంటూనే, అవసరం దృష్ట్యా చాలినంతగా ఉంటుందని చెబుతాడు. డబ్బు ఆ అవసరానికి ప్రతినిధి మాత్రమే. అసలు కొలత అవసరమే. ఈ మాటను షాపుల తగువుకు అన్వయిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఏ షాపు మేలన్నది సగం ప్రశ్న. దేనికి అన్నది చేరిస్తేనే అది పూర్తవుతుంది.

ఒక సందర్భం తీసుకుంటే, బాత్‌రూములో ఫ్లష్ ట్యాంకు నుంచి రాత్రంతా నీళ్లు కారుతుంటే తప్పు చాలాసార్లు ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూతది. కొన్ని డాలర్ల వస్తువు. కానీ రెండంగుళాల రంధ్రానికి ఒకటి, మూడంగుళాలదానికి ఇంకొకటి ఉంటాయి. పాకురు పట్టి, గట్టిపడి, అంచు వంకరపోయిన పాత మూతను ప్లాస్టిక్ సంచిలో పెట్టి తెచ్చుకున్న ఇంటాయనకు కావలసింది, దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కసారి తిప్పి చూసి, గొలుసు ఎటువైపుందో గమనించి, వరసలోంచి సరైనది తీసి ఇచ్చే మనిషి. ఆ మనిషి ఉన్న షాపు ఆ రోజుకు, ఆ పనికి మేలు. ఇందులో సందేహం లేదు. అదే సమయంలో పొద్దున్నే తలుపులు తెరవగానే వచ్చిన కాంట్రాక్టరుకు ఆ మనిషితో పనిలేదు. ఇరవై జిప్సం బోర్డులు బండికెక్కి, కూలీల గంట మొదలవక ముందే తాను పనిచోటుకు చేరడం అతనికి ముఖ్యం. వంటింటి టైల్స్ రంగు నిర్ణయించుకోలేక తిరుగుతున్న దంపతులకు వెలుతురు, ఖాళీ, తొందరపెట్టేవాళ్లు లేకపోవడం కావాలి. ముగ్గురూ ఒకే షాపు గురించి మూడు మాటలు చెబితే అవి ఒకదాన్నొకటి ఖండించవు. అవసరం పేరు చెప్పకుండా షాపుకు మార్కు వేయమనడంలోనే తప్పుంది.

అవసరం పేరు చెప్పిన తర్వాత కూడా కొన్నిసార్లు తూకం తేలదు. వంటింటి పనికి ఒక షాపులో ధర తక్కువ, ఇంకో షాపులో చూపించి వివరించే ఓపిక ఎక్కువ. ఒకటి మేలని చెప్పలేకపోతే రెండూ సమానమనాలా? 1986లో వెలువడిన ద మొరాలిటీ ఆఫ్ ఫ్రీడమ్‌లో తత్వవేత్త జోసెఫ్ రాజ్ దీనికి ఒక పరీక్ష చూపించాడు. రెండూ నిజంగా సమానమే అయితే ఒకదాన్ని రవ్వంత మెరుగుపరిచినా అటువైపు మొగ్గాలి. ధర తక్కువున్న షాపు ఇంకో ఐదు డాలర్లు తగ్గించిందనుకుందాం. తటపటాయిస్తున్న దంపతులు ఆ ఐదు డాలర్లకు తేలిపోతారా? సాధారణంగా తేలరు, తటపటాయింపు అలాగే ఉంటుంది. కాబట్టి అవి అంతకుముందు సమానంగా లేవు. ఉమ్మడి కొలతే లేనివని రాజ్ అంటాడు. మరో తత్వవేత్త రూత్ చాంగ్ దీన్ని సవరించి, మేలు, తక్కువ, సమానం అనే మూడింటితో పాటు నాలుగో సంబంధం ఉందని వాదించింది. ఒకే స్థాయిలో ఉంటూ, పోల్చదగ్గవై ఉంటూనే, ఏ ఒక్కటీ మొగ్గు చూపని జోడీలుంటాయని ఆమె చెబుతుంది. బియ్యం తూచే తక్కెడకు రెండు పళ్లేలే ఉన్నాయి గనుక మనసు కూడా అలాగే ఉండాలనుకోవడం ఒట్టి అలవాటు.

తక్కెడ అనగానే మహాభారతంలోని తులాధారుడు గుర్తుకు రావాలి. తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో ఒకటైన శాంతిపర్వంలోని కథ ఇది. జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడి తపస్సు చేస్తే జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు ఎగిరిపోయేదాకా నిలబడ్డాడు. తనంతటివాడు లేడని మురుస్తుంటే, వారణాసిలోని తులాధారుడితో ధర్మంలో నువ్వు సాటిరావని ఆకాశవాణి పలికింది. వెళ్లి చూస్తే అతను సరుకులమ్ముకునే వ్యాపారి. అతను చెప్పిన రహస్యం తన తక్కెడ ప్రాణులన్నిటికీ ఒకేలా ఉంటుందని. ఈ కథలో జాజలి దుఃఖమంతా పోలికలోంచే పుట్టింది. ముందు తాను గొప్పనుకున్నాడు, తర్వాత ఇంకొకడు గొప్పని విన్నాడు. తులాధారుడు మాత్రం సరుకును తూస్తాడే గాని మనుషులను తూచడు. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో గీసిన గీత కూడా ఈ చోటే పడుతుంది. ధర ఉన్న వస్తువుకు బదులు మరొకటి పెట్టవచ్చు, కానీ మనిషికి ఉన్నది ధర కాదు, గౌరవం. దానికి బదులు లేదు.

షాపుల్లో ఈ గీత సులువుగా చెరిగిపోతుంది, ఎందుకంటే అక్కడ అనుభవం అంటే చాలావరకు ఇంకొక మనిషి. హోమ్ డిపో చరిత్రలోనే దీనికి రుజువుంది. మొదటి రోజుల్లో ఆ షాపులకు పేరు తెచ్చినది ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనుల్లో చేయి తిరిగి, కొనేవాళ్లకు ఎలా చేసుకోవాలో కూడా చెప్పగల సిబ్బంది. 2000 చివరలో జనరల్ ఎలక్ట్రిక్ నుంచి హోమ్ డిపో సీఈవోగా వచ్చిన రాబర్ట్ నార్డెల్లి సంస్థను అంకెల క్రమశిక్షణలోకి తెచ్చి, పార్ట్ టైమ్ ఉద్యోగుల వాటా పెంచాడు. 2000లో సుమారు 4,600 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 2005కు 8,000 కోట్లు దాటాయి. అదే 2005లో కస్టమర్ సంతృప్తి సూచీలో సంస్థ మార్కు పడిపోయి లోస్ కంటే బాగా వెనకబడింది. 2007 జనవరిలో నార్డెల్లి వెళ్లిపోయాడు, దాదాపు 21 కోట్ల డాలర్ల ప్యాకేజీతో. (అతని అనుభవాన్ని మాత్రం ఎవరూ సర్వే చేయలేదు.) అమ్మకాలు ఒక తక్కెడలో పైకి, తృప్తి ఇంకో తక్కెడలో కిందికి పోతున్నప్పుడు ఆ ఐదేళ్లు బాగున్నాయా లేదా అన్నదానికి ఒక్క అంకెలో జవాబు లేదు. రసీదు అడుగున చుక్కల మార్కు వేయమని అడిగే సర్వేలకూ ఇదే ఇబ్బంది. సరుకు లేదన్న కోపం కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి ఖాతాలో పడుతుంది. ఆ సరుకు తెప్పించడమో మానడమో అతని చేతిలో లేదు.

ఒకే స్థాయిలో ఉన్న రెండు షాపుల మధ్య మనిషి చివరికి ఎలా తేల్చుకుంటాడన్నది మిగిలిన విషయం. కారణాలు అయిపోయిన చోట మనిషి తనంతట తాను ఒకవైపు నిలబడి, ఆ నిలబడటంతోనే కొత్త కారణాన్ని సృష్టించుకోగలడని చాంగ్ అభిప్రాయం. ఈ షాపుల్లో దీనికి నిత్యం కనిపించే ఉదాహరణ బ్యాటరీ. రయోబీ పనిముట్లు అమెరికాలో ప్రధానంగా హోమ్ డిపోలో దొరుకుతాయి. కోబాల్ట్ లోస్ సొంత బ్రాండు. ఒకదాని బ్యాటరీ మరొకదాని డ్రిల్లుకు పట్టదు. రయోబీ 18 వోల్టుల వరస 1996 నుంచి ఒకే బ్యాటరీ అమరికతో వస్తోంది. మొదటి డ్రిల్లు ఏదో ఒక శనివారం ఏదో ఒక షాపులో కొన్నవాళ్లు తర్వాత రంపం, గడ్డి కోసే యంత్రం, ఆకులు ఊదే బ్లోయరు అక్కడే కొంటారు, అడిగితే ఆ షాపే మేలంటారు. ఇది చాంగ్ చెప్పిన నిబద్ధతా, లేక కంపెనీ పన్నిన వలా అన్నది తేల్చడానికి ఒక దారుంది. రేపటినుంచి ఏ బ్యాటరీ అయినా ఏ డ్రిల్లుకైనా పట్టే ఏర్పాటు వస్తే వీళ్లలో ఎందరు అదే షాపుకు వెళతారని అడగాలి. కొందరు మారిపోతారు. వాళ్లది ఇంతకాలమూ ఖర్చు లెక్కే, దానికి అరిస్టాటిల్ చెప్పిన అవసరం సరిపోతుంది. ఇంకొందరు ఆ పాత షాపుకే వెళతారు, పైపుల వరసలో పనిచేసే పెద్దాయన తమను గుర్తుపడతాడనో, మొదటి ఇంటి గోడలకు రంగు అక్కడే కలిపించుకున్నామనో చెబుతారు. ఆ కారణాలు మొదటిరోజు లేవు. వెళ్లగా వెళ్లగా ఏర్పడ్డాయి. చాంగ్ మాట వీళ్లకు మాత్రమే వర్తిస్తుంది.